ఇంట్లో కలంకారీ: బెల్లం, ఇనుము, కరక్కాయతో తొలి బొమ్మ

కలంకారీ నేర్చుకోవాలని ఉన్నా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగిపోయేవాళ్లు చాలామంది. శ్రీకాళహస్తి వెళ్లి గురువు దగ్గర ఏళ్లపాటు కూర్చోవాలేమో, స్వర్ణముఖి నది లాంటి పారే నీరు ఉండాలేమో, పెద్ద పొయ్యిలు, గంగాళాలు కావాలేమో అనుకుంటారు. రంగులన్నీ, పురాణ కథలన్నీ చేతికి రావాలంటే అంత సాధన కావలసిందే. మూరెడు గుడ్డ మీద, ఒక్క నల్లరంగుతో, మీరే చేసుకున్న కలంతో ఒక తామరపువ్వు గీయడానికి మాత్రం ఇల్లు చాలు. దానికి కావలసినవి కిరాణా కొట్టులో, మూలికల కొట్టులో, పెరట్లో దొరికేవే.

అక్షరాలు రాయగలిగిన చేయి ఉంటే చాలు, బొమ్మలు వేయడం రాకపోయినా ఫరవాలేదు. ఒక్కటి మాత్రం తప్పనిసరి: ఆగగలగాలి. సిరా పులియడానికి మూడు వారాలు పడుతుంది. గుడ్డ ఆరడానికి ఒక పూట, గీత నిలవడానికి ఒక రోజు పడుతుంది. ఇందులో ఏదీ తొందరపెడితే జరగదు. ఈ నెమ్మదే ఈ పనిలోని సుఖమని నా నమ్మకం.

నలుపుతోనే ఎందుకు మొదలుపెట్టాలి?

శ్రీకాళహస్తి పనిలో గుడ్డ మీద ముందుగా పడే రంగు నలుపే. బొమ్మ రూపురేఖలన్నీ నల్ల గీతలతో తేలాక, ఎరుపు, పసుపు, నీలం ఒక్కొక్కటిగా ఆ గీతల మధ్యకు చేరతాయి. గీత కుదిరితే రంగు తక్కువైనా బొమ్మ బాగుంటుంది. గీత తడబడితే ఎన్ని రంగులు నింపినా ఆ లోటు దాగదు.

ఇంకో కారణం కూడా ఉంది. ఈ నలుపు కొట్టులో కొన్న రంగులా సీసాలో తయారుగా ఉండదు, గుడ్డ మీదే పుడుతుంది. అరటికాయ కోసినప్పుడు ఇనుప కత్తిపీట నల్లబడటం మన వంటింట్లో చూసిందే. కాయలోని వగరు ఇనుముతో కలిసినప్పుడు వచ్చే నలుపు అది. కలంకారీ నలుపూ సరిగ్గా అలాంటిదే. ముందు గుడ్డకు కరక్కాయ వగరు పట్టిస్తాం. ఆ వగరునే శాస్త్ర పరిభాషలో టానిన్ అంటారు. తర్వాత ఇనుము కరిగిన నీటితో దాని మీద గీస్తాం. రెండూ కలిసిన చోట నలుపు పుట్టి నూలు పోగుల్లో కుదురుకుంటుంది. అందుకే ఉతికినా పోదు. ఈ ఒక్క సంగతి చేత్తో చేసి తెలుసుకుంటే, సహజ రంగుల పనిలో సగం అర్థమైనట్టే.

కావలసినవి

- ఒక మీటరు కోరా నూలు గుడ్డ. తెల్లగా చలువ చేయనిది, పాలిస్టర్ కలవనిది కావాలి.
- 50 గ్రాముల కరక్కాయ పొడి. మూలికల కొట్టులో దొరుకుతుంది.
- అర లీటరు కాచని గేదె పాలు. లేకపోతే వెన్న తీయని ప్యాకెట్ పాలు, కాచకుండా.
- 100 గ్రాముల చెరకు బెల్లం, 100 గ్రాముల తాటి బెల్లం. తాటి బెల్లం దొరక్కపోతే మొత్తం 200 గ్రాములూ మామూలు బెల్లమే.
- పావుకిలో తుప్పు పట్టిన ఇనుప ముక్కలు: పాత మేకులు, గొళ్లేలు, తెగిన గొలుసు ముక్కలు.
- పెన్సిలంత లావున్న వెదురు పుల్లలు రెండు మూడు, కాస్త ఉన్ని గుడ్డ లేదా పాత నూలు గుడ్డ, గట్టి దారం.
- సన్నటి ఎండు చింత పుల్లలు, బొగ్గు కోసం.
- ఒక మట్టి కుండ లేదా గాజు సీసా, ఒక ప్లాస్టిక్ టబ్బు, చేతి తొడుగులు.

ఈ పనికి వాడిన గిన్నెలు మళ్లీ వంటకు వాడకూడదు. వాటిని మొదటి నుంచే వేరుగా పెట్టుకోండి.

ఏ వారం ఏ పని?

అన్నిటికంటే ముందు సిరా. ఈ రోజు కలిపితే మూడు వారాలకు చేతికొస్తుంది. ఆ లోపు ఒక ఆదివారం గుడ్డ ఉతికి పెట్టుకోండి. మరో ఆదివారం కలాలు, బొగ్గు చేసుకోండి. సిరా తయారయ్యే వారంలో, ఎండ బాగా ఉన్న రోజు చూసి గుడ్డకు కరక్కాయ పాలు పట్టించండి. ఉద్యోగం చేసేవాళ్లకూ, పిల్లలతో తీరికలేని వాళ్లకూ ఇలా విడగొట్టుకుంటే భారం అనిపించదు. జోరు వానల రోజుల్లో మాత్రం పాల పని పెట్టుకోకండి. గుడ్డ త్వరగా ఆరకపోతే పాలు పులిసి వాసన పడుతుంది.

మొదటి మెట్టు: నల్ల సిరా

కాళహస్తి చిత్రకారులు దీన్ని కసిం కారం అంటారు. ముందుగా ఇనుప ముక్కలకు నూనె, రంగు ఉంటే పూర్తిగా పోయేలా గీకి, కడిగి ఆరబెట్టండి. స్టీలు మేకులు పనికిరావు. జింకు పూతతో తెల్లగా మెరిసే కొత్త మేకులూ పనికిరావు. అచ్చంగా తుప్పు పట్టే ఇనుమే కావాలి.

బెల్లం దంచి లీటరు నీటిలో కరిగించండి. కుండలో ఇనుప ముక్కలు వేసి ఆ నీరు పోయండి. పైన పల్చటి గుడ్డ కట్టండి. గట్టి మూత బిగించవద్దు, ఎందుకంటే పులిసేటప్పుడు గాలి పుడుతుంది, అది బయటికి పోవాలి. పిల్లలకు అందని నీడపట్టున పెట్టి, చీమలు చేరకుండా కుండను నీళ్లు పోసిన పళ్లెంలో ఉంచండి.

రెండు మూడు రోజుల్లో పైకి నురగ వస్తుంది. కల్లు లాంటి వాసన మొదలై, తర్వాత పులుపు వాసనకు తిరుగుతుంది. లోపల జరిగేది ఇది: బెల్లంలోని తీపి పులిసి ముందు సారాగా, ఆ తర్వాత వెనిగర్‌లో ఉండే ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం ఇనుమును కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. రెండు రోజులకోసారి కట్టె పుల్లతో కలపండి. మన వేసవిలో పదిహేను రోజులకే సిద్ధం కావచ్చు, చలికాలంలో మూడు వారాలు దాటవచ్చు. చలి దేశాల్లో ఉంటున్నవాళ్లు ఇంట్లో వెచ్చగా ఉండే మూల చూసి పెట్టుకోవాలి.

నురగ తగ్గి, నీరు ముదురు రంగుకు తిరిగాక పల్చటి గుడ్డలో రెండుసార్లు వడకట్టి సీసాలో పోసుకోండి. మూత వదులుగా ఉంచండి. సిరా తయారైందా లేదా అన్నది దాని రంగు చూసి చెప్పలేం. కరక్కాయ పట్టించిన గుడ్డ ముక్క మీద ఒక చుక్క వేసి చూడాలి. చూస్తుండగానే నల్లబడితే తయారైనట్టు. బూడిద రంగు దగ్గరే ఆగిపోతే ఇనుప ముక్కలు మళ్లీ వేసి ఇంకో వారం ఉంచండి.

సిరా మరీ గాఢంగా ఉండటమూ మంచిది కాదు. ఇనుము ఎక్కువైతే కాలం గడిచే కొద్దీ గీత వెంబడే నూలు పోగు పెళుసుబారి చిరిగిపోతుంది. నిండు నలుపు వచ్చిందంటే అక్కడితో చాలు. ఇంకా నల్లగా రావాలని మరిగించి చిక్కబరచవద్దు.

రెండో మెట్టు: గుడ్డ ఉతకడం

కొత్త కోరా గుడ్డకు మగ్గం దగ్గర పెట్టిన గంజి ఉంటుంది. అది ఉన్నంతకాలం కరక్కాయ నీరు లోపలికి దిగదు. గుడ్డను ఒక రాత్రంతా మామూలు నీళ్లలో నానబెట్టండి. మర్నాడు చాకలి సోడా ఒక చెంచా వేసిన నీళ్లలో అరగంట ఉడికించి, నాలుగైదు నీళ్లలో జాడించి ఎండలో ఆరేయండి. సోడా జిడ్డు చేతికి తగలకుండా పోయేదాకా జాడించాలి.

గుడ్డ సిద్ధమైందో లేదో చూడటానికి ఆరిన గుడ్డ మీద ఒక నీటి చుక్క వేయండి. వెంటనే ఇంకిపోతే మంచిది. చుక్క గుండ్రంగా నిలబడితే గంజి ఇంకా ఉన్నట్టే, మళ్లీ ఉడికించాలి. ఉతికితే గుడ్డ కొంత ముడుచుకుంటుంది కాబట్టి ఇదంతా అయ్యాకే నాలుగు సమాన ముక్కలు చేసుకోండి. ఒకటి పరీక్షలకు, ఒకటి సాధనకు, రెండు బొమ్మలకు.

మూడో మెట్టు: కరక్కాయ, పాలు

పని మొత్తంలో అన్నిటికంటే శ్రద్ధగా చేయవలసింది ఇదే. కరక్కాయ నలుపునిస్తుంది. పాలలోని వెన్న సిరా పక్కలకు పాకకుండా ఆపుతుంది. పాలు తక్కువైతే గీత చుట్టూ మసక అలుముకుంటుంది.

కరక్కాయ పొడిని అర లీటరు గోరువెచ్చని నీళ్లలో రాత్రి నానబెట్టి, పొద్దున్నే పల్చటి గుడ్డలో వడకట్టండి. అడుగున మడ్డి రాకూడదు, వస్తే గుడ్డ మీద మచ్చలు పడతాయి. ఆ నీటిలో అర లీటరు పచ్చిపాలు పోసి బాగా కలిపి వెంటనే వాడండి. కరక్కాయ వగరుకు పాలు ముద్దకట్టే గుణం ఉంది కాబట్టి కలిపి పక్కన పెట్టకూడదు. గుడ్డ ముక్కలను ముందు మామూలు నీళ్లలో తడిపి పిండి, ఆ తర్వాతే పాలలో వేయండి. తడి గుడ్డకు పాలు ఎగుడుదిగుడు లేకుండా పడతాయి. పావుగంట సేపు చేతులతో పిసుకుతూ, మడతలు విప్పుతూ ప్రతి పోగూ తడిసేలా చూడండి.

మెలిపెట్టకుండా, రెండు అరచేతుల మధ్య ఒత్తి పిండండి. మంచి ఎండలో పరిచి ఆరబెట్టండి. తీగ మీద వేలాడదీస్తే పాలు కింది అంచుకు దిగి అక్కడ గట్టిపడతాయి. తీగ తప్ప వేరే దారి లేకపోతే పది నిమిషాలకోసారి అంచులు తిప్పి వేయండి. ఆరాక గుడ్డ లేత పసుపు చాయకు తిరిగి కాస్త బిరుసెక్కుతుంది. అది సరైన గుర్తు. దాన్ని మళ్లీ నీళ్లలో పెట్టకుండా, చుట్టగా చుట్టి పొడిచోట ఉంచుకోండి.

విదేశాల్లో గేదె పాలు దొరకనివాళ్లు వెన్న తీయని ఆవు పాలు వాడుకోవచ్చు. సహజ రంగుల పని చేసేవాళ్లలో సోయా పాలు వాడేవాళ్లూ ఉన్నారు. కరక్కాయ పొడి ఆయుర్వేద దుకాణాల్లో హరీతకి పేరుతో దొరుకుతుంది.

ఈ పాల పద్ధతి ఎంత పాతదో తెలిస్తే దాని మీద గౌరవం పెరుగుతుంది. 17వ శతాబ్దంలో కోరమాండల్ తీరపు అద్దకం గుడ్డలకు ఐరోపాలో ఎంత గిరాకీ ఉండేదంటే, తమ నేతగాళ్ల బతుకుతెరువు పోతుందని 1686లో ఫ్రాన్స్ వాటిని నిషేధించింది. ఇంగ్లండు 1700లో దిగుమతిని ఆపి, 1721లో వాడకాన్నే ఆపే చట్టం చేసింది. వాళ్ల దగ్గర రంగు ఉతికితే పోయేది, మన దగ్గర నిలిచేది. ఆ రహస్యం తెలుసుకోవాలని ఎందరో ప్రయత్నించారు. తెలుగు నేర్చి తెలుగు నిఘంటువు కూర్చిన ఫ్రెంచి జెసూట్ మతగురువు కుర్దూ, 1742లో స్వదేశానికి రాసిన ఉత్తరంలో ఈ పద్ధతిని మెట్టు తర్వాత మెట్టుగా వర్ణించాడు. గుడ్డను కరక్కాయలో, గేదె పాలలో ముంచడం అందులో ఉంది. మీ ఇంటి టబ్బులో మీరు చేసేదీ ఆ పనే.

నాలుగో మెట్టు: కలం

వెదురు పుల్లను జానెడు పొడవున కోసుకోండి. ఒక చివర పదునైన కత్తితో నెమ్మదిగా చెక్కి సన్నటి మొన తీయండి. కత్తి ఎప్పుడూ మీ చేతికి అవతలి దిక్కుకు కదలాలి. మొన సూదిలా ఉంటే గుడ్డను గీరుతుంది, అందుకని గరుకు రాయి మీద ఒకటి రెండుసార్లు రుద్ది ఆ పదును చంపండి.

మొనకు అంగుళం పైన ఉన్ని గుడ్డ పేలికను చుట్టడం మొదలుపెట్టండి. ఉసిరికాయంత ఉబ్బు వచ్చేదాకా చుట్టి, దారంతో అడ్డంగా, ఐమూలగా బిగించి కట్టండి. సిరాను పట్టి ఉంచేది ఈ ఉబ్బే. కలాన్ని సిరాలో ముంచినప్పుడు అది తాగుతుంది, వేళ్లతో మెల్లగా నొక్కినప్పుడు సిరా పుల్ల వెంట మొనకు దిగుతుంది. కట్టు వదులైతే సిరా ఒక్కసారిగా కారుతుంది. మరీ బిగిస్తే అసలు దిగదు. రెండు మూడు కలాలు వేరువేరు బిగింపులతో కట్టి చూడండి, మీ చేతికి ఏది నప్పుతుందో తెలుస్తుంది.

సన్న గీతకు సన్న మొన. తర్వాత రంగులు నింపడానికి ఒక మొద్దు మొన కలం కూడా చేసి పెట్టుకోండి.

ఐదో మెట్టు: చింత బొగ్గు

బొమ్మ నమూనా గీసుకోవడానికి పెన్సిలు వాడకండి, దాని గీత పూర్తిగా పోదు. చింత బొగ్గు గీతైతే పొడి గుడ్డతో దులిపితే రాలిపోతుంది. వేలెడు పొడవున్న ఎండు చింత పుల్లలను ఒక చిన్న రేకు డబ్బాలో కిక్కిరిసేలా పేర్చి, మూతకు మేకుతో ఒక చిల్లు పెట్టి, ఆరుబయట నిప్పుల మీద ఉంచండి. చిల్లులోంచి పొగ వస్తుంది. పొగ పూర్తిగా ఆగాక డబ్బా దించి, పూర్తిగా చల్లారేదాకా మూత తీయకండి. వేడిగా ఉండగా గాలి తగిలితే బొగ్గంతా బూడిదవుతుంది. అపార్ట్‌మెంట్లలో నిప్పు కుదరనివాళ్లు చిత్రలేఖనం సామాన్ల కొట్లో చార్కోల్ పుల్లలు కొనుక్కోండి.

ఆరో మెట్టు: గీతల సాధన

బల్ల మీద పాత దుప్పటి మడిచి వేసి, పైన ప్లాస్టిక్ షీటు, ఆ పైన పాత నూలు గుడ్డ, దాని మీద సాధన ముక్క పరచండి. సిరా కిందికి దిగితే బల్ల పాడవకుండా షీటు కాపాడుతుంది, పై గుడ్డ తడిని పీల్చుకుంటుంది. పాత బట్టలు వేసుకోండి. ఈ మరక పోదు.

కలాన్ని ఉబ్బు తడిసేదాకా ముంచి, గిన్నె అంచుకు ఒత్తి అదనపు సిరా వదిలేయండి. కలాన్ని మొనకు దగ్గరగా, ఉబ్బు మీద వేళ్లు ఆనేలా పట్టుకోండి. ఇంచుమించు నిటారుగా ఉంచి మీ వైపుకు లాగుతూ గీయండి. గీసేటప్పుడు సిరా లేతగా కనబడుతుంది, భయపడి దాని మీదే రెండోసారి గీయకండి. కొద్ది క్షణాల్లో అదే నల్లబడుతుంది. మొదటిసారి ఆ మార్పు చూసినప్పుడు కలిగే సంతోషం కోసమైనా ఈ పని చేయాలి.

సాధన ఈ వరసలో చేయండి:

- జానెడు పొడవున్న నిలువు గీతలు, పక్కపక్కనే, ఒకే లావున.
- అడ్డ గీతలు, తర్వాత గడులు.
- చుక్కల వరస. ప్రతి చుక్కకూ కలం తాకించి వెంటనే ఎత్తాలి.
- అర్ధచంద్రాలు, వాటిని కలిపితే వచ్చే అలలు.
- ఆకు: రెండు వంపులు, నడుమ ఈనె.
- తీగ: ఒక పొడవాటి అల, దానికి అటూ ఇటూ ఆకులు.

ముగ్గులు వేసే అలవాటున్న చేతికి ఈ వరస త్వరగా పట్టుబడుతుంది. ఆగకుండా వంపు తిప్పడం ఆ వేళ్లకు ముందే తెలుసు. సాధన ముక్క రెండు వైపులా నిండేదాకా బొమ్మ జోలికి వెళ్లవద్దు.

ఏడో మెట్టు: తొలి బొమ్మ

మొదటిసారికి ముఖాలు, దేవుళ్ల రూపాలు పెట్టుకోకండి. కన్ను, వేళ్లు కుదరడానికి చాలా అభ్యాసం కావాలి. నడుమ ఒక తామరపువ్వు, నాలుగు మూలలా నాలుగు ఆకులు, చుట్టూ ఒక అంచు ఉంటే చాలు.

గుడ్డను నాలుగుగా మడిచి విప్పితే నడుమ ఎక్కడో తెలుస్తుంది. అంచు నుంచి నాలుగు వేళ్ల దూరంలో బొగ్గుతో చతురస్రం గీయండి. దాని లోపల రెండు వేళ్ల ఎడంలో ఇంకొకటి. ఈ రెండింటి మధ్య చోటు అంచు పట్టీ అవుతుంది. నడుమ చిన్న వలయం, దాని చుట్టూ ఎనిమిది రేకులు, వాటి సందుల్లోంచి తొంగిచూసే మరో ఎనిమిది రేకుల కొనలు గీసుకోండి. బొగ్గు గీత నచ్చకపోతే దులిపి మళ్లీ గీయవచ్చు. సిరా పడ్డాక ఆ వీలు లేదు కాబట్టి ఇక్కడ ఎంతసేపైనా తీసుకోండి.

సిరాతో గీయడం ఎప్పుడూ పై ఎడమ మూలలో మొదలుపెట్టండి. ఎడమచేతి వాటం వాళ్లు పై కుడి మూలలో మొదలుపెట్టాలి. అప్పుడు తడి గీత మీద చేయి పడదు. చేతి కింద ఒక పొడి గుడ్డ ముక్క ఉంచుకుంటే చెమటా తగలదు. ముందు పెద్ద రూపురేఖలన్నీ కాస్త లావు గీతలతో పూర్తి చేయండి. అవి ఆరాక రేకుల లోపలి సన్న గీతలు, ఆకుల ఈనెలు గీయండి. అంచు పట్టీలో చుక్కలు, చిన్న ఆకులు ఆఖరున పెట్టండి. లావు గీత, సన్న గీత పక్కపక్కన ఉంటేనే నలుపు ఒక్కటైనా బొమ్మకు జీవం వస్తుంది. కాసింత చోటు నిండు నలుపుగా నింపండి, ఉదాహరణకు పువ్వు నడుమ వలయం. చుట్టూ ఉన్న గీతలన్నీ ఒక్కసారి తేలికపడి కనిపిస్తాయి.

కాళహస్తి వస్త్రాల్లో రామాయణ, భారత కథలను గడులుగా విడదీసి చిత్రించి, ఆ కథను తెలుగు అక్షరాల్లో రాసే ఆనవాయితీ ఉంది. మీరూ అంచు కింద మీ పాప పేరో, అమ్మ పేరో, ఊరి పేరో కలంతో రాయండి. మన అక్షరాల గుండ్రటి వంపులు ఈ కలానికి చక్కగా అమరుతాయి.

ఎనిమిదో మెట్టు: ఆరబెట్టడం, జాడించడం

గీయడం పూర్తయ్యాక గుడ్డను మడవకుండా నీడలో ఒక రోజు ఆరనివ్వండి. నలుపు కుదురుకోవడానికి ఆ సమయం కావాలి. మర్నాడు సబ్బు లేకుండా మంచినీళ్లలో జాడించండి. కాళహస్తిలో ఈ పని స్వర్ణముఖి ప్రవాహంలో చేసేవారు. దానికి కారణం ఉంది. గుడ్డలోకి దిగని సిరా నీళ్లలోకి వస్తుంది, నీరు కదలకపోతే అది మళ్లీ గుడ్డ మీద కూర్చుని తెల్లటి చోట్లను మసకబరుస్తుంది. కాబట్టి కుళాయి ధార కింద పెట్టండి. లేదా పెద్ద టబ్బులో రెండు అంచులు పట్టుకుని ఆడిస్తూ, నీళ్లు వెంట వెంటనే మార్చండి. నీరు తేటగా వచ్చేదాకా ఇలా చేయాలి. నానబెట్టడం, మడిచి పిండడం వద్దు.

జాడించాక పాల వాసన చాలావరకు పోతుంది, పసుపు చాయ తగ్గుతుంది, నలుపు స్పష్టంగా తేలుతుంది. ఆరాక వెనక వైపు నుంచి ఇస్త్రీ చేసుకోవచ్చు.

తేడా వస్తే

- గీత పక్కలకు పాకింది: పాలు తక్కువ పడ్డాయి, లేదా గుడ్డ పూర్తిగా ఆరలేదు, లేదా కలంలో సిరా ఎక్కువైంది. ముందు కలాన్ని ఒత్తి చూడండి. అయినా పాకితే మిగిలిన ముక్కలకు మరోసారి పాలు పట్టించండి.
- నలుపు రాక బూడిద రంగే ఉంది: పక్క పక్కన రెండు చుక్కలు పెట్టండి, ఒకటి గుడ్డ మీద, ఒకటి చిక్కటి కరక్కాయ నీటిలో. నీటిలో నల్లబడి గుడ్డ మీద నల్లబడకపోతే లోపం గుడ్డది. రెండుచోట్లా నల్లబడకపోతే సిరా ఇంకా పులియాలి.
- గుడ్డ మీద మచ్చలు: గంజి పూర్తిగా పోలేదు, లేదా పాలు ఒకచోట పేరుకున్నాయి. ఆ ముక్కను సాధనకు వాడుకోండి.
- అనుకోని చుక్క పడింది: వెంటనే అద్దుడు కాగితంతో అద్దండి, రుద్దకండి. మరక నిలిచిపోతే దాని చుట్టూ ఒక ఆకో, పిట్టో గీయండి.
- సిరా మీద బూజు: పైపైన తెట్టు కడితే తీసి, వడకట్టి వాడుకోవచ్చు. కుళ్లిన వాసన వస్తే పారబోసి మళ్లీ కలపండి.

తర్వాతి రంగులు

రెండు మూడు నల్ల బొమ్మలయ్యాక పసుపు సులభం. దానిమ్మ తొక్కలను ఎండబెట్టి, నీటిలో సగం ఇంకేదాకా మరిగించి, చిటికెడు పటిక కలిపితే పసుపు రంగు తయారు. మొద్దు మొన కలంతో రేకుల్లో నింపండి.

ఎరుపుకు ఓపిక ఇంకాస్త కావాలి. ఎరుపు రావలసిన చోట ముందు పటిక నీరు పూసి, ఒక రోజు ఆగి, జాడించి, మంజిష్ఠ పొడి వేసిన నీటిలో గుడ్డను నెమ్మదిగా ఉడికించాలి. పటిక ఉన్నచోట ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది. మిగతా చోట పడిన లేత చాయ ఉతుకుల్లో, ఎండలో క్రమంగా పోతుంది. మంట ఎక్కువైతే ఎరుపు మట్టిరంగుకు తిరుగుతుంది కాబట్టి తెర్లనివ్వకూడదు. ఇనుప పాత్ర అసలే వాడకూడదు, రంగు మసకబారుతుంది. నీలిమందు పని వేరే విద్య, దాన్ని తెలిసినవాళ్ల దగ్గర చూసి నేర్చుకోవడం మేలు.

అక్కడిదాకా వచ్చాక శ్రీకాళహస్తికి వెళ్లి రండి. కనుమరుగయ్యే దశకు చేరిన ఈ పని, కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో 1950ల చివర అక్కడ శిక్షణ కేంద్రం ఏర్పడటంతో మళ్లీ నిలదొక్కుకుంది. దీనికే జీవితం అంకితం చేసిన జొన్నలగడ్డ గుర్రప్ప చెట్టి 2008లో పద్మశ్రీ అందుకున్నారు. కృష్ణా జిల్లా పెడనకు వెళితే ఇదే కరక్కాయ, ఇదే ఇనుప సిరా చెక్క అచ్చులతో గుడ్డకెక్కడం చూడవచ్చు. చేత్తో ఒక్క బొమ్మ గీసి వెళ్లినవాళ్లు అడిగే ప్రశ్నలే వేరుగా ఉంటాయి. పనివాళ్లూ అంతే ఇష్టంగా జవాబు చెబుతారు.

కొట్టులో చీర చూసినప్పుడూ ఆ తేడా తెలుస్తుంది. గీత లావు ఎక్కడైనా మారుతోందా, సిరా వెనక్కి దిగిందా, ఒకే పువ్వు రెండుచోట్ల అచ్చు గుద్దినట్టు ఉందా, కొద్దిగా వేరుగా ఉందా అని మీ కన్ను దానంతటదే వెతుకుతుంది. చేతిపని గుడ్డ ధర యంత్రం మీద అచ్చయిన దానికంటే ఎందుకు ఎక్కువో ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు. బేరమాడే ముందు ఆ మూడు వారాల సిరా, ఆ ఎండ, ఆ పాలు, తప్పు దిద్దుకునే వీలు లేని ఆ గీతలు గుర్తుకొస్తాయి. ఈ కళ బతకాలంటే దాన్ని గీసేవాళ్లతో పాటు, దాన్ని చదవగలిగిన కళ్లూ కావాలి. ఇంట్లో నేర్చుకునేవాళ్లు ఆ కళ్లను పెంచుతారు, అందుకే ఈ సరదా చిన్నది కాదు.

కాబట్టి గుడ్డ కొన్నాక చూద్దాం, సెలవులు రానీ అనుకోకుండా, ఈ సాయంత్రమే పాత మేకులు వెతికి బెల్లం నీళ్లలో వేయండి. మిగతా పనులన్నిటికీ సిరా పులిసేలోపు మూడు వారాల వ్యవధి ఎలాగూ ఉంది.